ఎవరి అచ్చు? ఎవరి మాట? - 'కుల నిర్మూలన' వెనక నడిచిన ఉత్తరాలు

రచయితకీ, ఆ రచనని అచ్చువేసేవాళ్లకీ మధ్య నడిచిన ఉత్తరాల్ని మన సాహిత్య చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. పుస్తకం బైటికొచ్చాక వాటి పని అయిపోయిందనుకుంటారు. పెద్ద రచయితలవైతే ఎవరో ఒకరు దాస్తారు, చిన్నవాళ్లవైతే చెదలపాలవుతాయి. దళిత సాహిత్యం చదివేవాళ్లం మాత్రం ఈ ఉత్తరాల్ని వదులుకోకూడదని మేం అనుకుంటున్నాం. ఎందుకంటే పుస్తకంలో మిగిలిన మాట ఏమిటో పుస్తకం చెబుతుంది. ఏ మాట తీసెయ్యమన్నారు, ఎవరు తీసెయ్యమన్నారు, ఎంత మర్యాదగా తీసెయ్యమన్నారు అన్నది ఉత్తరాలే చెబుతాయి.

దీనికి మనదగ్గరున్న అన్నిటికన్నా గట్టి ఉదాహరణ అంబేద్కర్ 'కుల నిర్మూలన'. ఆ పుస్తకాన్ని మన కార్యకర్తలు సభల్లో ఉటంకిస్తారు, టీచర్లు పాఠంగా చెబుతారు. దాని ముందున్న ఉత్తరాల్ని మాత్రం చాలామంది పేజీలు తిప్పేసి అసలు ఉపన్యాసంలోకి వెళ్లిపోతారు. ఈ వ్యాసంలో ఆ ఉత్తరాల దగ్గరే ఆగుదాం.

లాహోర్ నుంచి పిలుపు

లాహోర్‌లో 1922లో పుట్టిన సంఘం జాత్-పాత్-తోడక్ మండల్. పేరులోనే ఉంది - కులాన్ని తెంచే మండలి. ఆర్యసమాజం నుంచి వచ్చిన సంస్కర్తలు దీన్ని నడిపారు. ముఖ్యుడు సంత్‌రాం. ఆయన కుమ్మరి కులంలో పుట్టినవాడే. కులాంతర వివాహాల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు, 'క్రాంతి' అనే పత్రిక నడిపారు. అంటే ఇక్కడ మనం మాట్లాడుకునేది శత్రువుల గురించి కాదు. మంచి ఉద్దేశంతో చెయ్యి చాపిన మిత్రుల గురించి. అందుకే ఈ కథ మనకి పనికొస్తుంది.

మండలి ప్రచురణ సంస్థ కాదు, నిజమే. కానీ వార్షిక సభ అధ్యక్షోపన్యాసాన్ని అచ్చు వేయించి, అనువాదం చేయించి, పంచే బాధ్యత దానిదే. డబ్బు తక్కువ, ఆశయం ఎక్కువ, వెనక చందాదారుల మొహమాటం. ఏ చిన్న ప్రచురణ సంస్థనైనా తీసుకోండి, ఇంచుమించు ఇదే పరిస్థితి. కాబట్టి ఇవి రచయితకీ చిన్న ప్రచురణకర్తకీ మధ్య నడిచిన ఉత్తరాలే అనుకుని చదవొచ్చు.

1935 అక్టోబరు 13న యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించారు. రెండు నెలలు తిరక్కముందే, డిసెంబరు 12న సంత్‌రాం ఉత్తరం అందింది. మర్యాద నిండిన ఉత్తరం. కులం గురించి మీ అంత లోతుగా చదివినవారు లేరన్నారు. కులానికి పునాదిగా ఉన్న మతభావాల్ని నాశనం చెయ్యకుండా కులాన్ని తెంచడం కుదరదన్న మీ సూత్రాన్ని వివరంగా రాయమన్నారు. అది తనకింకా పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకున్నారు. మా సభకి మీరే అధ్యక్షులు కావాలని మా కార్యవర్గం పట్టుబట్టిందన్నారు. బొంబాయికి మనిషిని కూడా పంపుతామన్నారు.

ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి. వేదాల జోలికి, మతం జోలికి వెళ్లే ఆ వాదాన్ని రాయమని అడిగింది మండలే. ఆ అడగడం కాగితం మీద ఉంది. నాలుగు నెలల తర్వాత ఆ కాగితమే అంబేద్కర్‌కి సాక్ష్యమయ్యింది.

సవర్ణులు నడిపే ఉద్యమాల్లో చేరడం అంబేద్కర్‌కి సాధారణంగా ఇష్టం లేదు. వాళ్ల చూపు వేరు, తన చూపు వేరని ఆయన అభిప్రాయం. ఈ పిలుపుకి ఒప్పుకోడానికీ వెనకాడారు. మండలి వదిలిపెట్టలేదు.

అచ్చు ఎక్కడ?

మొదటి పేచీ అక్షరం దగ్గర రాలేదు, అచ్చాఫీసు దగ్గర వచ్చింది. ఉపన్యాసాన్ని లాహోర్‌లో అచ్చు వేయిస్తే ఖర్చు తగ్గుతుందని మండలి అంది. బొంబాయిలోనే వేయిస్తానని అంబేద్కర్ అన్నారు. పైకి చూస్తే ఇది కూలీ రేట్ల గొడవ. కానీ ఉత్తరాల స్వరం ఎలా మారిందో చూడండి.

మార్చి చివర్లో హర్ భగవాన్ అనే మండలి ప్రతినిధి రాసిన ఉత్తరంలో మొదటిసారిగా నిష్ఠూరం వినిపిస్తుంది. పంజాబ్ హిందువులంతా మీ రాకని వ్యతిరేకిస్తున్నారు, భాయి పరమానంద్, మహాత్మా హంస్‌రాజ్, గోకుల్‌చంద్ నారంగ్, రాజా నరేంద్రనాథ్ వంటి పెద్దలు మాకు దూరమయ్యారు, మీ కోసం మేం ఇంత చెడ్డపేరు మోస్తుంటే మీరు మాకు సహకరించాలి కదా అని దాని సారాంశం. ఇది అభ్యర్థన రూపంలో ఉన్న ఒత్తిడి. నీకు వేదిక ఇచ్చాం, నీ వల్ల మేం నష్టపోతున్నాం, కాబట్టి నువ్వు కొంచెం తగ్గు - మన రచయితలకి ఈ తర్కం కొత్తదేం కాదు.

అంబేద్కర్ దీన్ని నమ్మి కూచోలేదు. తన ఫైలు తీసి చూశారు. దూరమయ్యారని చెబుతున్న గోకుల్‌చంద్ నారంగ్, ఫిబ్రవరి 7న తనకి స్వయంగా ఉత్తరం రాశారు. లాహోర్ వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగండి అని ఆ ఉత్తరం. ఆ రెండు ఉత్తరాల్నీ పక్కపక్కన పెట్టి పాఠకుడి ముందుంచారు. వ్యాఖ్యానం పెద్దగా చెయ్యలేదు, అవసరం లేదు కూడా.

ఏప్రిల్ 9న హర్ భగవాన్ బొంబాయి వచ్చారు. అచ్చు ఎక్కడ అన్నది తేల్చుకోడానికే వచ్చారన్నమాట. తీరా కూచున్నాక అచ్చు గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఉపన్యాసంలో ఏముందో తెలుసుకోవడం మీదే ధ్యాసంతా. అప్పుడు అంబేద్కర్‌కి విషయం తేటతెల్లమయ్యింది. లాహోర్ అచ్చు అన్నది డబ్బు ఆదా కోసం కాదు, ప్రతి ముందే చేతికి రావడం కోసం. మనం ఇక్కడ నేర్చుకునేది ఒకటుంది. అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంటే ప్రూఫు వాళ్ల చేతిలో ఉంటుంది. ప్రూఫు ఎవరి చేతిలో ఉంటే కత్తెర వాళ్ల చేతిలో ఉంటుంది.

ఈ సంగతి అంబేద్కర్‌కి 1936లో కొత్తగా తెలిసింది కాదు. 1920లో 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు డబ్బిస్తామన్నా ప్రకటన వేసుకోడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. 1927లో 'బహిష్కృత భారత్' తెచ్చారు. సొంత పత్రిక, సొంత అచ్చు లేకుండా మన మాట మనదిగా మిగలదని పదిహేనేళ్ల అనుభవం ఆయనకి నేర్పింది. బొంబాయి అచ్చు గురించి అంత పట్టుదల ఊరికే రాలేదు.

'ఆ ఒక్క మాట తీసెయ్యండి'

హర్ భగవాన్ ప్రతి పట్టుకుని లాహోర్ వెళ్లారు. ఏప్రిల్ 14న మళ్లీ ఉత్తరం. ఉపన్యాసం సంత్‌రాంకి బాగా నచ్చిందనీ, అనువాదానికి ఇచ్చాననీ రాశారు. హిందువుల్ని నిద్ర లేపుతుందని పొగిడారు. ఆ పొగడ్త వెనకే అసలు కోరిక ఉంది. కొందరు మిత్రులకి ఒక భాగం ఇబ్బందిగా ఉంది, కనీసం 'వేదం' అనే మాటని ప్రస్తుతానికి వదిలేస్తే బాగుంటుందని. ఇంకో కోరిక కూడా ఉంది. ఈ అభిప్రాయాలు రచయిత సొంతమనీ, మండలికి బాధ్యత లేదనీ చివర్లో స్పష్టం చెయ్యమని. ఆ కవర్లోనే 100 రూపాయల చెక్కు, వెయ్యి ప్రతులకి ఆర్డరు.

ఈ ఉత్తరాన్ని క్లాసులో పిల్లలతో చదివించదగ్గదిగా మేం భావిస్తున్నాం. పొగడ్త, సవరణ, బాధ్యత దులుపుకోవడం, డబ్బు - నాలుగూ ఒకే పేజీలో ఉన్నాయి. ఏదీ బెదిరింపు కాదు. అంతా స్నేహమే. 'ప్రస్తుతానికి' అన్న మాట మరీ గమనించదగ్గది. ఆ ప్రస్తుతం ఎప్పుడు అయిపోతుందో ఎవరూ చెప్పరు.

ఏప్రిల్ 22 నాటికి ఒక్క మాటతో సరిపోలేదు. ఉపన్యాసం రెండో భాగం చూశాక మండలి అభ్యంతరాలు పెరిగాయి. చాలా పొడుగైంది, ఎవరూ చదవరు అన్నారు. హిందూమతం వదిలేస్తున్నట్టు పదేపదే చెప్పారన్నారు. వేదాల నీతి మీద, హేతుబద్ధత మీద అనవసరంగా దాడి చేశారనీ, అదంతా విషయానికి సంబంధం లేనిదనీ అన్నారు. ఆ భాగాలు తీసేసి, కావాలంటే బ్రాహ్మణిజం గురించి నాలుగు పేరాలు కలిపి ముగించమన్నారు. కుదరదంటే సభని నిరవధికంగా వాయిదా వేస్తామన్నారు.

'పొడుగైంది', 'విషయానికి సంబంధం లేదు', 'రెచ్చగొట్టేలా ఉంది' - ఈ మూడు అభ్యంతరాలు దాదాపు తొంభై ఏళ్లుగా ఆ క్రమంలోనే వస్తున్నాయి. మొదటిది సాహిత్య విమర్శలా ఉంటుంది. రెండోది తర్కంలా ఉంటుంది. అసలు సంగతి మూడోదాంట్లో ఉంటుంది.

ఏప్రిల్ 27 జవాబు

అంబేద్కర్ జవాబు కోపంగా ఉంటుందని అనుకుంటాం. చదివితే వకీలు రాసిన జవాబులా ఉంటుంది. వాయిదా అనే డొంకతిరుగుడు మాట తనకి ఇష్టం లేదనీ, రద్దు అని చెప్పడమే మంచిదనీ మొదలుపెట్టారు. అధ్యక్షుడి గౌరవం కోసం, తన మాట తాను తయారుచేసుకునే స్వేచ్ఛని వదులుకోనన్నారు. తర్వాత ఒక్కొక్క ఆరోపణకీ తేదీలతో సమాధానం.

మీకు ఆశ్చర్యం కలిగిందనడం నిజం కాదు, ఈ వాదాన్ని వివరించమని సంత్‌రామే డిసెంబరులో అడిగారు. ఉపన్యాసాన్ని ఎవరి పరిశీలనకీ పెట్టననీ, చిన్న విరామచిహ్నం దగ్గర కూడా సర్దుబాటు లేదనీ బొంబాయిలోనే మీకు చెప్పాను. ఉపన్యాసంలోని అభిప్రాయాలకి బాధ్యత పూర్తిగా నాదే, మీమీద పడదని కూడా చెప్పాను. చివరికి ఇంకో మెట్టు ఎక్కారు. ఇప్పుడు మీరు మొత్తం ఉపన్యాసానికి ఒప్పుకున్నా నేను అధ్యక్షత వహించను, ఆ పనిలోని సొంపు పోయింది అన్నారు. ఆరోగ్యం బాగాలేని రోజుల్లో ఇంత శ్రమ పడవలసి వచ్చిందన్న ఒక్క విచారం వ్యక్తం చేసి ముగించారు.

బాధ్యతకీ అధికారానికీ మధ్య ఆయన గీసిన గీత చూడండి. రాసిన మాటకి బాధ్యత నాది, అందులో మీకు భయం వద్దు. అదే కారణంగా ఆ మాటని మార్చే అధికారం మీకు లేదు. బాధ్యత రచయితది, కత్తెర ప్రచురణకర్తది అనే ఏర్పాటుకి ఆయన ఒప్పుకోలేదు.

ఉత్తరాలే ముందుమాట

సభ రద్దయ్యింది. అచ్చయిన ప్రతులు చేతిలో ఉండిపోయాయి. అంబేద్కర్ చేసిన పని ఏమిటంటే, మే 1936లో ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో ప్రచురించారు, మొదట్లో ఈ ఉత్తరాలన్నిటినీ పెట్టారు. తన మాటలొక్కటే కాదు, అవతలివాళ్ల ఉత్తరాలు కూడా పూర్తిగా పెట్టారు. తీర్పు పాఠకుడికి వదిలేశారు.

దీనివల్ల పుస్తకం స్వభావమే మారింది. మతగ్రంథాల అధికారాన్ని పోగొట్టకుండా కులం పోదు అన్నది ఉపన్యాసంలోని వాదం. కులం పోవాలని నిజంగా కోరుకున్న సంస్కర్తలు కూడా ఆ గ్రంథాల పేరు ఎత్తగానే ఎలా వెనక్కి తగ్గారో ఉత్తరాలు చూపిస్తాయి. అంటే ముందుమాటే వాదానికి మొదటి రుజువయ్యింది. ఉత్తరాలు వదిలేసి ఉపన్యాసం ఒక్కటే చదివేవాళ్లు సగం పుస్తకమే చదివినట్టు.

అణాల లెక్క

ఇంగ్లీషు ప్రతులు 1,500 వేస్తే రెండు నెలల్లో అయిపోయాయి. 1937లో రెండో కూర్పు వచ్చేనాటికి గుజరాతీ, తమిళ అనువాదాలు వచ్చాయి, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ అనువాదాలు సాగుతున్నాయి. 1944లో మూడో కూర్పు. లాహోర్ సభ జరిగి ఉంటే వెయ్యి ప్రతులు పంచేవాళ్లు, అంతటితో ఆగేదేమో.

జులై 1936లో 'హరిజన్'లో గాంధీ ఈ పుస్తకాన్ని సమీక్షించారు. ఉపన్యాసాన్ని తిరస్కరించిన ఆహ్వాన సంఘాన్ని ఆయన తప్పుపట్టారు, అది ఒప్పుకోవాలి. దాంతోపాటు ధర గురించి ఒక సలహా ఇచ్చారు. ఎనిమిది అణాలు ఎక్కువ, రెండణాలకో, కనీసం నాలుగణాలకో తగ్గించమని. మంచి సలహాలాగే ఉంటుంది. కానీ లెక్క వేద్దాం. 1,500 ప్రతులు ఎనిమిది అణాల చొప్పున మొత్తం అమ్ముడైతే వచ్చేది 750 రూపాయలు. నాలుగణాలైతే 375. రెండణాలైతే 187 రూపాయల 8 అణాలు. అచ్చు, కాగితం, కుట్టుడు, తపాలా అన్నీ అందులోంచే రావాలి. వెనక ఆశ్రమాలూ, దాతలూ ఉన్న పత్రికకి రెండణాల పుస్తకం కష్టం కాదు. సొంత జేబులోంచి అచ్చు వేసుకున్న రచయితకి ధర తగ్గించడమంటే తర్వాతి పుస్తకం మానుకోవడమే. మన చిన్న ప్రచురణల ధరలు చూసి 'ఇంతా?' అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పేరు మరుగున పడకుండా ఉండటానికే పుస్తకం వేశారన్నట్టు వచ్చిన సూచనకి కూడా అంబేద్కర్ జవాబిచ్చారు. హిందువుల్ని ఆలోచింపజెయ్యడమే తన ఉద్దేశమనీ, ప్రచారం తనకి అవసరానికి మించే ఉందనీ. గాంధీ వ్యాసాల్నీ తన జవాబునీ కలిపి రెండో కూర్పులో అనుబంధాలుగా వేశారు. మళ్లీ అదే పద్ధతి - ఇరుపక్షాల కాగితాలూ ఒకేచోట.

ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో ఉత్తరం

1956 సెప్టెంబరు 14. దీక్షకి సరిగ్గా నెల ముందు. అంబేద్కర్ ప్రధాని నెహ్రూకి ఒక ఉత్తరం రాశారు. బుద్ధుడి మీద తాను రాసిన పుస్తకం అచ్చుకి దాదాపు 20,000 రూపాయలవుతుంది, అది తన శక్తికి మించినది, బుద్ధుడి 2,500 ఏళ్ల ఉత్సవాలకి వచ్చే పండితులకీ, గ్రంథాలయాలకీ ఇవ్వడానికి ప్రభుత్వం 500 ప్రతులు కొనగలదా అని అడిగారు. మర్నాడే జవాబు వచ్చింది. ఉత్సవాల ప్రచురణలకి కేటాయించిన డబ్బు అయిపోయింది, మీ ఉత్తరాన్ని ఉత్సవ సంఘం అధ్యక్షుడు రాధాకృష్ణన్‌కి పంపుతున్నాను, ఉత్సవాల్లో పుస్తకం అమ్మకానికి పెడితే బాగా పోవచ్చు అని. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి, 65 ఏళ్ల వయసులో, రోగంతో ఉండి, 500 ప్రతుల కోసం అడగవలసి వచ్చింది. డిసెంబరు 6న ఆయన చనిపోయారు. 'బుద్ధుడు-ఆయన ధమ్మం' 1957లో ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ద్వారానే వెలువడింది. అయితే ఆయన రాసిపెట్టిన ముందుమాట మొదటి అచ్చులో లేదు. దాన్ని భగవాన్‌దాస్ వెలికితీసి, జలంధర్‌లోని భీమ్ పత్రిక ప్రచురణల ద్వారా 1980లో వెలుగులోకి తెచ్చారు. ఆయన ఉపన్యాసాన్ని పంజాబ్‌లోని ఒక సంఘం వద్దంది. ఆయన ముందుమాటని అదే పంజాబ్ నేల మీది ఒక చిన్న దళిత ప్రచురణ బతికించింది.

1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అంబేద్కర్ రచనల నాలుగో సంపుటంగా 'హిందూమతంలో చిక్కుముడులు' వేసినప్పుడు, రాముడు, కృష్ణుడు అనే అనుబంధం మీద గొడవ లేచింది. తీసెయ్యమని ఒకవైపు, ఉండితీరాలని దళితులు మరోవైపు వీధుల్లోకి వచ్చారు. చివరికి ఆ భాగం ఉంది, కింద ప్రభుత్వానికి ఈ అభిప్రాయాలతో ఏకీభావం లేదన్న గమనికతో. 1936 ఏప్రిల్ 14న హర్ భగవాన్ అడిగినదీ అదే కదా! రచయిత బతికి ఉండగా కుదరనిది, చనిపోయాక కుదిరింది.

మనకి దీన్తో పనేమిటి?

తెలుగులో కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత కవిత్వం ఎక్కువభాగం చిన్న ప్రచురణల ద్వారా, రచయితలు చందాలు వేసుకుని తెచ్చిన పుస్తకాల ద్వారా బైటికొచ్చింది. 1995లో విజయవాడ నుంచి కవిత్వం ప్రచురణలు తెచ్చిన 'చిక్కనవుతున్న పాట' అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆ పుస్తకాలు ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాలు. వాటి వెనకున్న ఉత్తరాలు ఎవరి దగ్గరున్నాయి? ఏ వాడ మాటని 'గ్రామ్యం' అని దిద్దారు? ఏ కులం పేరు దగ్గర చుక్కలు పెట్టమన్నారు? ఏ తిట్టు తీసెయ్యమన్నారు? పిహెచ్.డి. చేసే మన పిల్లలు కవితల్లో ప్రతీకల్ని లెక్కపెట్టడంతోపాటు ఈ ప్రశ్నలు కూడా వేసుకోవాలి.

ఉత్తరాలు చదివేటప్పుడు ఐదు సంగతులు చూడమని మేం చెబుతాం. ముందు ఎవరు ఎవర్ని అడిగారు? అచ్చు, ప్రూఫు ఎవరి చేతిలో ఉన్నాయి? మార్చమన్న మాట ఏది, దానికి చెప్పిన కారణం ఏది, చెప్పని కారణం ఏది? డబ్బు ఎవరు పెట్టారు? చివరికి అచ్చులో మిగిలిందేమిటి? ఈ ఐదూ రాసుకుంటే ఆ పుస్తకం చరిత్ర చాలావరకు బైటపడుతుంది.

ప్రచురణకర్తలంతా దొంగలని మేం అనడంలేదు. ఒక వాక్యం బిగించమని, ఒక తేదీ సరిచూసుకోమని చెప్పే సంపాదకుడు రచయితకి మేలే చేస్తాడు. సవరణకీ సెన్సారుకీ తేడా తెలుసుకోడానికి ఒక సులువు ఉంది. సవరణ చెప్పేవాడు వాక్యం గురించి మాట్లాడతాడు. సెన్సారు చేసేవాడు ఇంకెవరికో కోపం వస్తుందని మాట్లాడతాడు.

ఇవాళ ఈ మాటలన్నీ ఫోన్లలోనూ, సందేశాల్లోనూ నడుస్తున్నాయి. ఫోను మారితే పోతాయి. కాబట్టి రచయితలకి మా విజ్ఞప్తి: మీకొచ్చిన ప్రతి సవరణ కోరికనీ, మీరిచ్చిన ప్రతి జవాబునీ తేదీతో సహా కాగితం మీద ఉంచుకోండి. అచ్చు బిల్లు పారెయ్యకండి. ఇళ్లల్లో పెద్దవాళ్ల పాత ట్రంకుపెట్టెలుంటే కాగితాలు అమ్మేముందు ఒకసారి తెరిచి చూడండి. డిసెంబరు 1935 నాటి ఒక ఉత్తరాన్ని అంబేద్కర్ దాచుకోబట్టే ఏప్రిల్ 1936లో ఆయన మాట నిలబడింది.